స్వర్ణని తీసుకురావడానికి లూసియానా వెళ్ళిన గురువారం

పోయిన జూన్‌లో ఒక గురువారం నేను హ్యూస్టన్ నుంచి లూసియానాలో ఒక చిన్న ఊరికి బస్సులో వెళ్ళి, అదే రోజు తిరిగి వచ్చాను. ఊళ్ళు చూడ్డానికి కాదు. మా ఆఖరి చెల్లెలి కూతురు స్వర్ణ అక్కడ ఉంది. దాన్ని వెంటబెట్టుకుని వచ్చేయమని పాండిచ్చేరి నుంచి మా చెల్లెలి ఫోను. మన పిల్లల్ని కూడా దానిలా వేసవిలో అక్కడికి పని నేర్చుకోవడానికి పంపవచ్చా అని ఈమధ్య చర్చి అయ్యాక కాఫీల దగ్గర ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. కప్పు పట్టుకుని నిలబడి చెప్పే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. అందుకని రాస్తున్నాను.

స్వర్ణకి పదిహేడేళ్ళు. వాళ్ళ నాన్నది యానాం. తాతగారు ఫ్రెంచివాళ్ళ హయాంలో అక్కడే గుమాస్తా. నాన్నకి పాండిచ్చేరిలో ఉద్యోగం, అందుకని పిల్ల చదువు ఫ్రెంచి బళ్ళో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో ఫ్రెంచి. ఆ ఫ్రెంచి గురించి ఆ ఇంట్లో అందరికీ కొంచెం గర్వం. ఫ్రెంచి చదివే హైస్కూల్ పిల్లల్ని నాలుగైదు దేశాల నుంచి లూసియానాకి రప్పించి, ఆరు వారాలు పగలు ఏదో ఒకచోట పని నేర్పి, సాయంత్రాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ళ పాటలు, వంటలు, డాన్సులు చూపించే ఏర్పాటు ఒకటి ఉంది. దానికి పిల్ల ఎంపికైంది. "స్వర్ణ అమెరికాలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది అక్కయ్యా" అని మా చెల్లెలు నాకూ, బంధువులందరికీ ఉత్తరాలు రాసింది. ఇంటర్న్‌షిప్ అంటే మనకి తెలిసింది డాక్టర్లు చేసేదే కదా. స్వర్ణ ఎప్పుడు డాక్టరయిందని కాకినాడ నుంచి మా మేనత్త నాకు రాసింది. అప్పుడు నవ్వుకున్నాం.

పిల్లకి ఇచ్చిన పని నర్సింగ్ హోమ్‌లో. అక్కడ ఫ్రెంచి తప్ప ఇంకేమీ రాని ముసలివాళ్ళు కొందరున్నారు. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి సాయంత్రం అయిదున్నర దాకా వాళ్ళ దగ్గర కూర్చోవాలి. తల దువ్వాలి, మాట్లాడించాలి, వాళ్ళు చెప్పింది నోటు పుస్తకంలో రాసుకోవాలి. అయిదున్నరకి వ్యాన్ వచ్చి పిల్లలందరినీ ఎక్కించుకుని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తుంది. మూడో వారం సోమవారం సాయంత్రం స్వర్ణ చూసుకునే మదాం యులాలి అనే తొంభై ఏళ్ళ ఆవిడ పోయారు. మంగళవారం ప్రోగ్రాం మాస్టారు నాకు ఫోన్ చేశారు. "మీ అమ్మాయి తినడం లేదు. ఫ్రెంచిలో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతోంది. ఇండియా పంపించేయమంటోంది" అన్నారు. నేను నర్సుని. పదిహేడేళ్ళ పిల్ల మొదటిసారి చావు చూసింది, అంతే అనుకున్నాను. గురువారం సెలవు పెట్టాను.

ఉదయం ఆరున్నర బస్సు. ఆరింటికల్లా డౌన్‌టౌన్ స్టేషన్‌లో ఉంటే కిటికీ సీటు దొరుకుతుంది. వెళ్ళడానికి ఇరవై తొమ్మిది డాలర్లు. వచ్చేటప్పుడు ఇద్దరం కదా అని రెండు టికెట్లు అప్పుడే తీసుకున్నాను. దారంతా తూర్పుకి పోయే పెద్ద హైవే. ఎండ ఎదురుగా కొడుతుంది గనక వెళ్ళేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి. బోమాంట్ దాటాక చమురు ఫ్యాక్టరీలు మొదలవుతాయి. ధర పడిపోయాక సగం వాటిలో పొగ లేదు. అమ్మకానికి పెట్టిన పడవలు, ఇళ్ళు, లారీలు దారి పొడుగునా. లేక్ చార్ల్స్‌లో ఇరవై నిమిషాలు ఆపుతారు. అక్కడ కాఫీ బాగుండదు, బాత్‌రూమ్ శుభ్రంగా ఉంటుంది. మిగతా దారంతా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. పిల్లని క్షేమంగా నాతో తీసుకువెళ్ళనీ ప్రభువా అన్నదే నా మనవి. అంతకంటే ఏమడగాలో నాకప్పుడు తెలియదు.

లఫాయెట్‌లో దిగేసరికి పదకొండుంపావు. అక్కడి నుంచి ఆ ఊరికి బస్సు లేదు. టాక్సీకి ఇరవై రెండు డాలర్లు, నలభై నిమిషాలు. డ్రైవర్‌కి యాభై ఉంటాయి. రెండేళ్ళ కిందటి దాకా సముద్రం మీద చమురు రిగ్‌లో పనిచేశాడట, ఇప్పుడు బావమరిది కారు నడుపుతున్నాడు.

"నర్సింగ్ హోమ్‌కా? ఎవరైనా పోయారా మేడమ్?"

"పోయారు. మావాళ్ళు కారు."

"ఎవరు, యులాలి గారా? అయితే మావాళ్ళే. ఈ రోడ్డు మీద కజిన్ కానివాడు ఎవడూ లేడు. పోలీసు టికెట్ రాసినా ముందు అత్తయ్య ఎలా ఉందని అడుగుతాడు."

ఇండియా నుంచి వచ్చిన పిల్ల కోసం వెళ్తున్నానని చెప్పాను. అద్దంలో నన్ను చూశాడు. "ఆ ఫ్రెంచి పిల్లా! మా నాన్నని బళ్ళో ఫ్రెంచి మాట్లాడినందుకు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. అందుకని ఆయన మాకు ఒక్క ముక్క నేర్పలేదు. ఇప్పుడేమో మా అమ్మమ్మలతో మాట్లాడ్డానికి ఇండియా నుంచి పిల్లని తెప్పించుకోవలసి వచ్చింది. దేవుడికి హాస్యం ఎక్కువ మేడమ్."

దేవుడిది హాస్యమని నాకు అనిపించలేదు. చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం నాలుగున్నరకి తిరిగి రమ్మని, నాకు ఆరూ పదికి బస్సుందని చెప్పి దిగాను.

నర్సింగ్ హోమ్ బాయూ ఒడ్డున ఉంది. బాయూ అంటే కదలని కాలువ అనుకోండి. ఒకటే అంతస్తు, ఇటుక గోడలు, వెనక వంటిల్లు. ముందు గుమ్మంలో ఎవరూ పలకలేదు, వంటింటి వైపు వెళ్ళాను. వంటమనిషి క్లోటిల్డ్ నా వయసుది. లావుపాటి మనిషి, నల్లటి చేతులు మోచేతుల దాకా పిండి. నన్ను చూసి, "మీరేనా పెడ్డమ్మ?" అంది. మాట పిల్ల దగ్గర నేర్చుకుంది. "కూర్చోండి. ముందు తినండి, ఏడుపులు తర్వాత." అన్నం మీద బెండకాయ, కోడి వేసిన పులుసు పోసి పెట్టింది. గంబో అంటే ఇదే. రెండు వారాల పాటు మీ అమ్మాయి రోజూ రెండు గిన్నెలు తినేదని, ఇప్పుడు మూడు రోజులుగా నా వంటని అవమానిస్తోందని నవ్వబోయి ఆపేసింది. చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"తప్పు నాది. నేను నవ్వకుండా ఉండాల్సింది" అంది.

అప్పుడు చెప్పింది. స్వర్ణ రోజూ అయిదున్నరకి లేచి వెళ్ళబోయేటప్పుడు యులాలి గారు ఒకటే మాట అనేవారట. ఎస్పేర్. పాండిచ్చేరి బళ్ళో నేర్పిన ఫ్రెంచిలో ఆ మాటకి ఆశ పెట్టుకో అని అర్థం. ఆవిడ తనని రోజూ దీవించి పంపుతోందని పిల్ల అనుకుంది. మెర్సీ మదాం అని థాంక్స్ చెప్పి, నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళేది. సోమవారం ఆవిడ ఆ మాట మూడుసార్లు అన్నారు. చెయ్యి పట్టుకున్నారు. బయట వ్యాన్ హారన్ కొడుతోంది, ఆ సాయంత్రం డాన్స్ హాల్లో పాటకచేరీ. పిల్ల మెల్లిగా చెయ్యి విడిపించుకుంది. ఆరున్నరకి నర్సు మందులు ఇవ్వడానికి వెళ్ళేసరికి ఆవిడ లేరు.

"మంగళవారం పొద్దున పిల్ల ఇక్కడికొచ్చింది. ఏడుస్తూనే ఉంది, కానీ మొహంలో ఒక వెలుగు. 'క్లోటిల్డ్, ఆవిడ చివరి మాట ఏమిటో తెలుసా? ఆశ పెట్టుకో అన్నారు' అంది. నాకు నవ్వొచ్చేసింది పెడ్డమ్మా. నోట్లోంచి వచ్చేసింది. 'ఆశేమిటే షా, మా దగ్గర ఎస్పేర్ అంటే ఆగు అని!' అన్నాను. అన్నాక దాని మొహం చూశాను."

షా అంటే వాళ్ళ భాషలో బంగారూ అని. క్లోటిల్డ్ లేచి పొయ్యి దగ్గరకి వెళ్ళింది. నేను గిన్నెలో మిగిలింది తినలేకపోయాను.

స్వర్ణ వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది, కావలించుకోలేదు. చెంపలు లోపలికి పోయాయి. సూట్‌కేస్ సర్ది పక్కనే పెట్టుకుంది. "పదండి పెద్దమ్మా" అంది. అప్పుడే ప్రోగ్రాం మాస్టారు వచ్చారు. మంచి మనిషే, నిద్ర లేని కళ్ళు. రెండు గంటలకి అంత్యక్రియలని, యులాలి గారి కూతురు అనెట్ గారు చివరిరోజు అమ్మ దగ్గరున్న అమ్మాయిని చూడాలంటున్నారని చెప్పారు. చిన్నప్పుడు బళ్ళో శిక్షలకి భయపడి అనెట్ గారు ఫ్రెంచి మానేశారు. చివరి ఏళ్ళలో తల్లి మాట కూతురికి సగమే అందేది. అమ్మ చివరికి ఏమందో తెలిస్తే చాలని ఆవిడ రెండు రోజులుగా అడుగుతున్నారు. మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "ఆశ అన్నదని చెబితే చాలు. నిఘంటువులో అర్థం అదే. ఆ ముసలావిడ గుండె ఎవరున్నా ఆగిపోయేదే. మీరు చెబితే వింటుంది" అన్నారు.

నేను కాదనలేదు. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. మెట్ల మీద పిల్ల పక్కన కూర్చున్నాను.

"స్వర్ణా, మన చర్చి తెలుగులో నిరీక్షణ అంటే ఏమిటి?"

"ఆశ."

"బయట మనుషులు నిరీక్షణ అంటే?"

"ఎదురుచూడ్డం." అప్పటికే దానికి నేనెక్కడికి వెళ్తున్నానో తెలిసిపోయింది.

"చూశావా, మనకీ ఒకే మాట. దేవుడి దగ్గర ఎదురుచూడ్డమూ ఆశా ఒకటే. ఆవిడ కూతురికి ఆశ అని చెప్పు. అది అబద్ధం కాదు. చెప్పి, మనం బస్సెక్కుదాం."

పిల్ల నా వంక చూసింది. కోపంగా కాదు. రోగి నర్సుని చూసినట్టు, ఇంకా ఎన్ని రోజులు అని అడగబోయేటప్పుడు చూసినట్టు. "మాటకి రెండు అర్థాలుంటాయేమో పెద్దమ్మా. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. దానికి ఒకటే కదా."

ముప్ఫై ఏళ్ళుగా వార్డుల్లో నా చెయ్యి పట్టుకున్నవాళ్ళున్నారు. డ్యూటీ అయిందని నేనూ విడిపించుకున్నాను. అవన్నీ ఆ మెట్ల మీద వచ్చి కూర్చున్నాయి.

గుడి నడిచి అయిదు నిమిషాలు. కేథలిక్ గుడి, తెల్ల గోడలు. పక్కనే సమాధులు. అక్కడ భూమిలో తవ్వితే నీళ్ళు వస్తాయి గనక సమాధులు నేల మీదే కడతారు, చిన్న సిమెంటు గదుల్లా. శవపేటిక దానిలోకి తోసి ఇటుకలతో మూస్తారు. ఎండ వంద డిగ్రీలకి దగ్గర. మీరెవరైనా అటు జూన్‌లో వెళ్తే గొడుగు మరచిపోకండి. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అనెట్ గారికి అరవై ఏళ్ళుంటాయి, నీలం గౌను, చేతిలో రుమాలు. వచ్చినవాళ్ళందరికీ చెయ్యి ఇస్తున్నారు. స్వర్ణ వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. మాస్టారు మూడడుగుల దూరంలో.

"నువ్వేనా?" అన్నారావిడ ఇంగ్లీషులో. "అమ్మ నీ గురించి చెప్పేది. నీ జడ బాగుంటుందనేది, నాకు ఆ మాట అర్థమైంది. చివరికి ఏమైనా అందా?"

"అన్నారండి. ఎస్పేర్ అన్నారు."

అనెట్ గారి మొహం మారింది. ఆ మాట ఆవిడకి తెలుసు. "ఎవరితో?"

"నాతో. నాకు ఆ మాట తప్పుగా తెలుసు. నన్ను దీవిస్తున్నారనుకున్నాను. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాను."

"ఎన్నిసార్లంది?"

"మూడు."

"నువ్వెక్కడికి వెళ్ళావు?"

మాస్టారు ముందుకు ఒక అడుగు వేశారు. స్వర్ణ ఆయన వైపు చూడలేదు. "డాన్స్ చూడ్డానికండి. నా చెయ్యి పట్టుకుంటే నేనే విడిపించుకున్నాను."

ఆవిడ పిల్లని దగ్గరకి తీసుకుంటారని నేను అనుకున్నాను. మన కథల్లో అలాగే జరుగుతుంది. తీసుకోలేదు. రుమాలు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టారు. "వెనక కూర్చో" అన్నారు. మేమిద్దరం ఆఖరి బెంచీలో కూర్చున్నాం. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో నాకు తెలియదు. పిల్ల చూసి చేసింది, దాన్ని చూసి నేను చేశాను. నోటికి ఒక్క ప్రార్థన రాలేదు.

సమాధి దగ్గర ప్రార్థన క్రమం పది నిమిషాల్లో అయిపోయింది. జనం చెట్ల కింద ఆపిన కార్ల వైపు వెళ్ళిపోయారు. అనెట్ గారు వెళ్తూ వెళ్తూ మా ముందు ఆగారు. "అమ్మ గది ఖాళీ చేయడానికి రేపు మధ్యాహ్నం వస్తాను. ఆ టైముకి నువ్వక్కడ ఉండకు" అన్నారు.

"సరేనండి" అంది స్వర్ణ.

ఆవిడ వెళ్ళాక తాపీ మేస్త్రులిద్దరు ఇటుకలు, సిమెంటు తెచ్చి సమాధి నోరు మూయడం మొదలుపెట్టారు. ఒకడు రేడియో పెట్టబోయి మమ్మల్ని చూసి కట్టేశాడు. పిల్ల ఎండలో అలాగే నిలబడింది. నేను గొడుగు పట్టాను. నాలుగున్నరకి డ్రైవర్ వచ్చి దూరం నుంచి చెయ్యి ఊపాడు. "పద స్వర్ణా, బస్సు పోతుంది" అన్నాను.

"అయ్యేదాకా ఉంటాను పెద్దమ్మా."

వరస మీద వరస, గంటకి దగ్గర పట్టింది. డ్రైవర్ కారు దగ్గర సిగరెట్ ఆర్పేసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరి ఇటుక పెట్టి, మేస్త్రి తాపీతో చదును చేశాడు. అప్పుడు పిల్ల నా వైపు తిరిగింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నేను రాను పెద్దమ్మా. ఇంకా మూడు వారాలుంది."

"ఆవిడ ఉండొద్దంది కదా."

"రేపు మధ్యాహ్నం ఒక్కటే ఉండొద్దన్నారు. పదమూడో గదిలో ఒక తాతగారున్నారు. ఆయనకీ ఇంగ్లీషు రాదు. సాయంత్రాలు వ్యాన్‌లో వెళ్ళనని మాస్టారికి చెబుతాను."

"అమ్మకి నేనేం చెప్పను?"

"తింటానన్నానని చెప్పండి. క్లోటిల్డ్ పెడితే తింటాను." మళ్ళీ తనే, "జరిగింది కూడా చెప్పండి. నా బదులు మీరు చెబితే కొంచెం తేలిగ్గా ఉంటుంది" అంది.

దారిలో దాన్ని నర్సింగ్ హోమ్ దగ్గర దించాం. వెనక మెట్ల మీద నుంచి సూట్‌కేస్ తనే తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది, వెనక్కి తిరగలేదు. డ్రైవర్ గంటకి డెబ్బై మైళ్ళ మీద నడిపాడు. ఎదురు చూసినందుకు ఇచ్చిన డబ్బు తీసుకోలేదు, యులాలి గారు వాళ్ళమ్మకి పిన్ని వరస అన్నాడు. బస్సు డోర్ వేస్తుండగా ఎక్కాను. పక్క సీటు ఖాళీ. హ్యూస్టన్ చేరేసరికి పదకొండు దాటింది.

స్వర్ణ మిగతా మూడు వారాలు చేసింది. బాగానే చేసిందని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. పాండిచ్చేరి వెళ్ళాక అనెట్ గారికి ఫ్రెంచిలో ఉత్తరం రాసింది. జవాబు రాలేదు, వస్తుందని నేను అనుకోవడం లేదు. ముసలావిడ గుండె ఎవరున్నా ఆగేదే. నర్సుగా అది నాకు తెలుసు. అయినా ఒక మనిషి పక్కన ఎవరూ లేకుండా పోయింది, ఉండమని అడిగి మరీ. ఆ రెంటిలో మొదటిది పిల్లకి చెప్పాను, రెండోది అది నాకు చెప్పింది. దేవుడి మాటని అడ్డం పెట్టుకుని నేను ఆ మెట్ల మీద చేయించబోయినది ఏమిటో నాకు తెలుసు. పదిహేడేళ్ళ పిల్ల ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది. చర్చిలో నిరీక్షణ అనే మాట వచ్చినప్పుడు ఇప్పుడు నా గొంతు పైకి రాదు. పక్కవాళ్ళు పాడుతుంటే వింటాను.

మీ పిల్లల్ని పంపుతారా మానతారా, అది మీ ఇష్టం. పంపితే మాత్రం ఒక్క పని చేయండి. భాష వచ్చని ఎవరు సర్టిఫికెట్ ఇచ్చినా సరే, మొదటి వారం వాళ్ళని వంటింట్లో పనికి పెట్టమని అడగండి. బళ్ళో నేర్చుకున్న మాట తప్పుగా వాడితే అక్కడివాళ్ళు అప్పటికప్పుడు నవ్వేస్తారు. ఆ నవ్వు మొదటి వారంలోనే వినాలి.